వేట కథల్లో వంటిల్లు

వేట కథ చెప్పే మగవాణ్ణి మధ్యలో ఆపకూడదంటారు. ఆపినా ఆగడు లెండి. మా కురిచేడు వైపు, అంటే వినుకొండ దాటాక రైలు దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల కేసి సాగిపోయే ఆ దారిలో, ఒకప్పుడు ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఇలాంటి కథ ఒకటి చెవిన పడేది. కురిచేడు అడవి కాదు. మెట్ట. కంది, జొన్న, మిరప పండే నేల. సాగరు కుడికాలవ వచ్చాక కొంత తడి చూసిన నేల. అయినా పడమటి గాలి తగిలితే చాలు, మా వాళ్ళకి అడవి గుర్తొస్తుంది. చెప్పేవాడు ఒక్కసారైనా దిగువమెట్ట దాకా వెళ్ళి ఉంటాడు. పులి ఒక్కసారైనా ఇతగాడి వైపు చూసి ఉంటుంది. ఏడాదికేడాదికీ ఆ పులి పొడుగు జానెడు పెరుగుతుంది. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న సామెతలో కుందేల్ని ఎవరు పెట్టారో గాని, వాడికి మా అరుగుల సంగతి బాగా తెలుసు.

ఈ కథల్ని అబద్ధాలని కొట్టిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. కథ అన్నాక కాస్త నెయ్యి పడాలి. నా ఫిర్యాదు వేరు. వేట కథ పొద్దు వాలేవేళ మొదలై, తుపాకి పేలడంతో పూర్తవుతుంది. ఆ తర్వాత సంగతేమిటి? కొట్టింది ఇంటికి తెచ్చారా? ఎవరు శుభ్రం చేశారు? అర్ధరాత్రి పొయ్యి ఎవరు రాజేశారు? పక్కింటికి పోగు వెళ్ళిందా, లేదా? ఇవేవీ కథలో ఉండవు. మన అరుగు కథల్లోనే కాదు, మహాకవుల కావ్యాల్లోనూ, ఇంగ్లీషు దొరల పుస్తకాల్లోనూ ఇదే లోటు. ఆ కోణం నుంచి కొన్ని వేట కథల్ని చూద్దామనే ఈ ప్రయత్నం. మీలో వేటంటే గిట్టనివారుంటే కూరగాయలు తరుగుతూ చదవండి, అభ్యంతరం లేదు.

పాతవాటితోనే మొదలుపెడతాను. మన పెద్దలు రాజులకుండే సప్తవ్యసనాల్లో వేటని కూడా చేర్చారు. (ఆ జాబితాలో వేటకంటే ముందు స్త్రీని చేర్చారు. ఆ సంగతి మరో వారం మాట్లాడుకుందాం.) వ్యసనమని వాళ్ళే అన్నారు, ప్రతి రాజునీ వాళ్ళే అడవికి పంపారు. దశరథుడు చప్పుడు విని బాణం వేశాడు, ముసలి తల్లిదండ్రుల ఒక్కగానొక్క కొడుకు పోయాడు. పాండురాజు జింకల జంటని కొట్టాడు, అది ముని దంపతుల జంట అయింది. ఆ శాపం ఆయన ప్రాణం తీసింది, కాని అనుభవించింది కుంతీ మాద్రులు. దుష్యంతుడు జింక వెంటపడి కణ్వుని ఆశ్రమం చేరాడు, తర్వాత సభలో నిలబడి జవాబు చెప్పుకోవలసి వచ్చింది శకుంతల. మొత్తం మీద చూస్తే వేటకు వెళ్ళిన ప్రతి రాజూ ఇంటికి ఏదో ఒకటి తెచ్చాడు, సవతినో, శాపాన్నో. మాంసం తెచ్చినట్టు మాత్రం ఎక్కడా కనబడదు.

సీతమ్మ సంగతి మీరు అడుగుతారని తెలుసు. బంగారు లేడిని అడిగింది ఆవిడే కదా, అంతా అందుకే కదా వచ్చింది అని మగవాళ్ళు ఇప్పటికీ అంటూంటారు. వాల్మీకి రాసింది చదివితే, ఆమె మొదట అడిగింది ప్రాణంతో పట్టి తెమ్మని. ఆడుకోవడానికి. అది కుదరకపోతేనే చర్మం మాట. వేటకు వెళ్ళే మగవాడికి ఇల్లాలు చెప్పిన ఆ మొదటి మాట ఎవరికీ గుర్తుండదు, రెండోదే అందరికీ గుర్తుంటుంది.

ఇక తెలుగు ప్రబంధాలకి వస్తే, వేట వర్ణనలో పెద్దనకి తిరుగులేదని పండితులు చెబుతారు. ఒప్పుకుంటాను. మనుచరిత్రలో స్వరోచి వేటకు కదిలాడంటే కుక్కలు, వలలు, బోయలు, కేకలు, దుమ్ము — సినిమా తెర మీద చూస్తున్నట్టే ఉంటుంది. ఆ వేటలోనే రాక్షసుడు తరుముతుంటే పరుగెత్తుకొచ్చే మనోరమ ఎదురవుతుంది. ఆమెని కాపాడతాడు, పెళ్ళాడతాడు, ఆపైన ఆమె చెలికత్తెలు విభావరినీ కళావతినీ కూడా పెళ్ళాడతాడు. ఒక్క వేటకి ముగ్గురు భార్యలు! మరోసారి అడవిపందికి బాణం ఎక్కుపెడితే ఒక లేడి అడ్డం వచ్చి, దాన్ని వదిలి నన్ను కొట్టమంటుంది. ఆ లేడి వనదేవత. ఆమె కడుపునే మనువు పుడతాడు. కవిత్వం మాట అటుంచి కథగా చూడండి. ఇంత హడావిడి వేటలో ఆకలితో ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఆకలి లేని వేట ఆట. పెద్దన చేతిలో అది ముచ్చటైన ఆట, అంతే.

ఆకలి కోసం వేటాడినవాణ్ణి చూపించింది ధూర్జటి. శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడు బోయపిల్లవాడు. అతని కథ మనందరికీ తెలుసు; తెలియనివాళ్ళు 1976లో బాపు తీసిన భక్త కన్నప్ప సినిమాలో కృష్ణంరాజుని చూసి తెలుసుకున్నారు. తిన్నడు వేటాడి, వేటాడినదాన్ని తానే కాల్చి, రుచి చూసి, బాగున్న ముక్కలే దొప్పల్లో పెట్టి శివుడికి తీసుకెళతాడు. నోట్లో నీళ్ళు, తలలో పూలు. చేతులు రెండూ భోజనానికే సరిపోయాయి కనక అలా తెచ్చాడు. పండితులు ఇక్కడ భక్తిని చూస్తారు. నాకు కనబడేది వంట. మన సాహిత్యంలో వేటాడిన మనిషే వండి, ఉప్పూ ఉడుకూ చూసి, వడ్డించి, ఎదుటివాడు తిన్నాడా లేదా అని కంగారు పడిన ఘట్టం నాకు తెలిసి ఇదొక్కటే. ఎంగిలి అని పూజారి గుండెలు బాదుకున్నాడు. రుచి చూడకుండా వడ్డించే ఇల్లాలుందా, మీరే చెప్పండి! కన్నుల కథ వచ్చేసరికి అందరం ఏడుస్తాం. నేను దొప్పల దగ్గరే ఏడుస్తాను.

ఇంగ్లీషు పుస్తకాల మాటకొస్తే, మనవాళ్ళు ఎక్కువగా చదివింది ఇద్దర్ని: జిమ్ కార్బెట్, కెన్నెత్ ఆండర్సన్. కార్బెట్ కుమావూ కొండలవాడు, 1944లో ఆయన పుస్తకం వచ్చింది. ఆండర్సన్ మన బొల్లారంలో 1910లో పుట్టి బెంగుళూరులో స్థిరపడ్డవాడు, 1974లో పోయాడు. ఆయన్ని మనవాడనడానికి నాకు సంకోచం లేదు. 1954లో వచ్చిన మొదటి పుస్తకంలోనే చిత్తూరు జిల్లా చామల లోయ పులి ఉంది. తర్వాత మామండూరు పులి వచ్చింది. ఒక కథకైతే మా దారిలో ఉన్న దిగువమెట్ట పేరే పెట్టాడు. గిద్దలూరు దాటాక రైలు అడవిలోకి జొరబడేచోట ఉన్న ఆ చిన్న స్టేషను పేరు ఇంగ్లండులో చదువుకున్నారంటే మా వాళ్ళ గర్వం చూడాలి! అప్పట్లో అది చిన్నపట్టాల రైలు. 1990ల్లో పెద్దపట్టాలు వేశారు. కన్నడంలో తేజస్వి గారు ఆండర్సన్ కథల్ని తమ భాషలోకి తెచ్చి ఇంటింటికీ చేర్చారు. మనకి అంతటి ఆదరణ దక్కలేదు. ఆయన పులుల్లో కొన్ని మన పులులే అయినా!

ఆండర్సన్ చేతిలో ఉండేది .405 వించెస్టర్ రైఫిలు. ఆ రైఫిలు గురించి ఆయన రాసే తీరు చూస్తే కొత్తకోడలి గురించి అత్తగారు రాసినట్టుంటుంది. మంచీ చెడూ అన్నీ చెబుతాడు, మరొకరు తాకితే ఊరుకోడు. ఇది వేట రచయితలందరికీ ఉన్న జబ్బే. తుపాకి వంశవృక్షం చెబుతారు. పులి చంపిన మనిషికి ఆ భాగ్యం ఉండదు. "నీళ్ళకు వెళ్ళిన ఒక స్త్రీ", "పశువులు మేపే ఒక కుర్రవాడు", అంతే. కాని ఆండర్సన్‌లో ఒక మంచి గుణం ఉంది, దాన్ని దాచకూడదు. పొరుగుతనం తెలిసినవాడు. బైరా అనే అడవి మనిషి దొంగవేటగాడు. చట్టం ప్రకారమైతే అతన్ని పట్టించాలి. పట్టించలేదు సరికదా, ఏళ్ళ తరబడి స్నేహం చేశాడు, అతని దగ్గర అడవి నేర్చుకున్నానని రాసుకున్నాడు. బైరా చేతిలో ఉన్నది మందు కూరే పాతకాలపు తుపాకి. రెండు తుపాకులకీ ఉన్న ధర తేడా ఎంతో ఊహించుకోండి. ఆ తేడా ఆ స్నేహంలో కనబడదు. అందుకే ఆయన పులుల కథలకన్నా బైరా కథే నాకు నచ్చింది.

కార్బెట్ ఇంకా గట్టి రచయిత. చంపావత్ పులి కథ మీలో చాలామంది చదివే ఉంటారు. నేపాల్లోనూ కుమావూలోనూ కలిపి 436 మందిని తిన్నదని చెప్పే ఆడపులి, 1907లో చచ్చింది. ఆ కథలో తుపాకుల సంగతి మహా సరదాగా ఉంటుంది. కొండ చుట్టూ మనుషుల్ని నిలబెట్టి పులిని తోలాలి. ఊళ్ళవాళ్ళ దగ్గర లైసెన్సు లేని తుపాకులున్నాయి, బయటికి తీస్తే కేసు. తహసీల్దారు గారు, ఆ రోజుకి నాకు కళ్ళు కనబడవు, తెచ్చుకోండి, మందూ గుళ్ళూ నేనే ఇస్తాను అన్నారు. దాదాపు మూడువందలమంది వచ్చారు. వాళ్ళు తెచ్చిన తుపాకులతో ఒక మ్యూజియం పెట్టొచ్చని కార్బెట్ నవ్వుతాడు. చూశారా, అన్ని ఇళ్ళ చూరుల్లో అన్ని తుపాకులుండీ ఇన్నేళ్ళు ఒక్కరూ పులిని కొట్టలేదు. అందర్నీ ఒక్కచోట చేర్చే మనిషి వచ్చేదాకా. కార్బెట్ తన వంతుకి మూడంటే మూడు తూటాలు జేబులో వేసుకెళ్ళాడట, సంతకి లెక్కచూసి డబ్బు పట్టుకెళ్ళినట్టు! మూడూ అయిపోయాయి. చివరికి పరుగెత్తుకెళ్ళి తహసీల్దారు గారి తుపాకి లాక్కొచ్చాడు. అదేమో గొట్టాలకీ వెనక భాగానికీ మధ్య సందు పడిన వదులు తుపాకి. నోటికి గురిపెడితే కాలికి తగిలింది. అప్పటికే తగిలిన దెబ్బలతో పులి పడిపోయింది. ఇంత గొప్ప వేటగాడు తన లెక్క తప్పిందనీ, తుపాకి పనికిమాలినదనీ దాచుకోకుండా రాశాడు. మా అరుగుల వాళ్ళకి ఆ పేజీలు చదివి వినిపించాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

అయితే ఆ కథలో నేను మాటిమాటికీ తెరిచే పేజీలు అవి కావు. ఒక పల్లెలో ఒక మూగ స్త్రీ ఉంటుంది. పుట్టుమూగ కాదు. ఏడాది కిందట అక్కాచెల్లెళ్ళిద్దరూ గడ్డి కోస్తుంటే పులి అక్కని పట్టుకుపోయింది. చెల్లెలు చేతిలో కొడవలితో దాని వెంట పరుగెత్తింది. అక్కని వదిలి నన్ను తీసుకుపో అని అరుస్తూ. కొంత దూరం పోయాక పులి అక్కని దింపి వెనక్కి తిరిగి మీదికొచ్చింది. ఈవిడ ఊళ్ళోకి పరుగెత్తుకొచ్చి పడింది, అప్పణ్ణుంచి మాట లేదు. కార్బెట్ పులిని చంపి తిరిగి వెళుతూ దాని చర్మం పరిచి ఆమెకి చూపిస్తాడు. ఆమెకి మాట వస్తుంది. వీధిలో పరుగెడుతూ, వచ్చి చూడండి అని ఇంటివాళ్ళనీ ఊరివాళ్ళనీ పిలుస్తుంది.

ఈ ఘట్టాన్ని మా వీధి ఆడవాళ్ళకి ఒక మధ్యాహ్నం తెలుగులో చెప్పాను. అప్పడాలు ఆరబోసి కాకుల్ని తోలుతూ విన్నారు. అందరూ నిట్టూర్చారు. పక్కింటి పిన్నిగారు మాత్రం, "ఆవిడ పేరేమిటమ్మా?" అన్నారు. పుస్తకంలో లేదన్నాను. "పులిది ఉందిగా?" అన్నారావిడ. ఉంది, చంపావత్ పులి అని. విమర్శ అంటే ఇదే కదా! డిగ్రీలు చదివినవాళ్ళకి తట్టనిది ఆవిడకి తట్టింది. అయినా కార్బెట్‌కి న్యాయం చెయ్యాలి. పేరు రాయకపోయినా ఆవిడ కోసం దారి తప్పి ఆగాడు. తుపాకి పేలాక కూడా కథ ఉంటుందని తెలిసిన వేటగాడు నాకు కనబడ్డది ఆయనొక్కడే. మన సినిమాల జోలికి పోను. 2001లో మృగరాజు వచ్చింది, మన అడవుల్లో లేని సింహాన్ని తెచ్చి చిరంజీవి చేత కొట్టించారు, అంతే.

మా ఊళ్ళవైపు తుపాకి సంగతి చెబుతాను. లైసెన్సు తుపాకి ఉన్న ఇల్లంటే ఒక హోదా. పన్నెండో నంబరు జంట గొట్టాల తుపాకి, నూనె గుడ్డతో తుడిచి గోడకి తగిలించేవారు. పంట కాపలాకని లైసెన్సు. కొట్టేది కుందేళ్ళనీ కౌజు పిట్టల్నీ. దసరాకి ఆయుధపూజ నాడు ఇల్లాలు దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. ఏడాదంతా ఆవిడ చెయ్యి తగలకూడని వస్తువు అది, ఆ ఒక్కరోజు తప్ప. ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఆ నియమం ఇప్పటికీ ఉంది. తుపాకి లేని ఆ నెల రోజులూ మా పెదనాన్నగారు అల్లుడు అలిగి వెళ్ళిపోయినట్టు దిగులుగా ఉండేవారు. పెద్దమ్మకేమో ఆ నెలే హాయి. రాత్రిళ్ళు ఎవరూ తలుపు తట్టి, "వదినా, కాస్త మసాలా నూరాలి" అనరు కదా!

ఇదంతా చెప్పి ఆ రోజులు బంగారపు రోజులని నేననను. కాని ఒక ఆచారం మాత్రం చెప్పి తీరాలి. దొరికింది చిన్నదైనా పెద్దదైనా పోగులు పడేవి. తుపాకి వేసినవాడికి ఒకటి, వెంట నడిచినవాళ్ళకి తలా ఒకటి, కుక్కని తెచ్చినవాడికి ఒకటి, బాలింత ఉన్న ఇంటికి ఒకటి. మా పెద్దమ్మ చేతి మీదుగా జరిగేది పంపకం. పోగుల్లో తేడా వస్తే మర్నాడు బావి దగ్గర మాట పడేది ఆవిడే. వేటగాడి గురి ఎంత గొప్పదో అరుగు మీద పదేళ్ళు చెప్పుకున్నారు. పెద్దమ్మ పోగు గురి ఎన్నడూ తప్పలేదని చెప్పినవాళ్ళు లేరు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి ప్రాజెక్టు టైగరులో చేరింది. గోడల మీద దుప్పి కొమ్ములు మిగిలాయి. వాటికీ ప్రభుత్వం దగ్గర ధ్రువపత్రం ఉండాలన్నారు. కుందేలుని కొట్టినా నేరమే ఇప్పుడు. మంచిదే. పోగులు మాత్రం పోయాయి. కోడి దుకాణంలో కిలో లెక్కన కొనుక్కునే మాంసానికి పోగులేమిటి?

నిజమైన వేటజాతి అని అందరూ చెప్పే చెంచుల సంగతి చూడండి. విల్లమ్ములు పట్టుకున్న చెంచు బొమ్మ పుస్తకాల్లో, పటాల్లో, 1958 నాటి చెంచులక్ష్మి సినిమాలో ఉంది. హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు నల్లమల చెంచుల మధ్య ఉండి 1943లో వాళ్ళ మీద పుస్తకం అచ్చువేశాడు. ఆయన రాసిన దాని ప్రకారం వాళ్ళ కడుపు నిండేది ముఖ్యంగా తవ్వి తెచ్చుకున్న దుంపలతోనూ, ఏరుకొచ్చిన కాయలతోనూ. ఆ తవ్వకంలో ఆడవాళ్ళది పెద్ద పాలు. వేట దొరికిన రోజు పండగ, దొరకని రోజులు ఎక్కువ. అంటే వేటగాళ్ళ ఇంట్లో కూడా రోజువారీ కుండ ఉడికింది కొడవలికో తవ్వుకోలకో సంబంధించిన ఓపికతోనే. బొమ్మలో మాత్రం విల్లు పట్టుకున్నవాడే మిగిలాడు. ఇప్పుడు అదే అడవిలో చెంచులు పులుల కాపలా ఉద్యోగాల్లో ఉన్నారు. అడుగుజాడ చూసి పులి ఎటు పోయిందో చెప్పగలిగిన కన్ను అంత తేలికగా ఎక్కడ దొరుకుతుంది?

ఆ నల్లమలలోనే, అహోబిలంలో, నాకు తెలిసినంతలో అన్నిటికన్నా చక్కని వేట జరుగుతుంది. కనుమనాడు మొదలయ్యే పారువేట. పల్లకీలో నరసింహస్వామి వేటకు బయలుదేరతాడు. మొదట చెంచులు పల్లకీ మీదికి బాణం వేస్తారు, ఆ తర్వాతే కదలాలి. ఎందుకంటే చెంచులక్ష్మిని చేసుకున్నాడు కనక ఆయన వాళ్ళ అల్లుడు. అల్లుడి మీద బాణం వెయ్యగల చనువు మామగారికి ఉండాలి మరి! స్వామి నలభై రోజుల పైచిలుకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతాడు. ఏ జంతువునీ కొట్టడు. ఊరూరా ఆగి, ఫాల్గుణంలో నా పెళ్ళికి రండి అని తానే స్వయంగా పిలుస్తాడు. ఏ ఊళ్ళో పల్లకీ దిగితే ఆ ఊరికి ఆ రోజు పండగ, ఆడపిల్లలు పుట్టిళ్ళకి వస్తారు, పొయ్యిలు ఆరవు. తిరుమలలోనూ కనుమకి పారువేట చేస్తారు, అక్కడ ఈటె విసిరే వేడుక. కాని ఇంటింటి గుమ్మం ముందు ఆగే వేట అహోబిలంలోదే. వేట అనే మాటకి ఇంత పొరుగుతనం అంటించినవాడెవరో గాని, తుపాకి కథలు రాసినవాళ్ళందరికన్నా మంచి కథకుడు.

మా చిన్నతనంలో వేసవి మధ్యాహ్నాలు నేల మీద సుద్దతో గీసుకుని ఆడిన పులిజూదం కూడా నాకు వేట కథలాగే తోస్తుంది. పులులు మూడు, మేకలు పదిహేను. ఒంటరి మేకని పులి దూకి తినేస్తుంది. మేక వెనక మేక ఆనుకుని నిలబడితే పులి దూకలేదు, మెల్లగా కదలడానికి చోటు లేక కట్టుబడిపోతుంది. ఆటలో ఆడవాళ్ళు ఎప్పుడూ మేకలే తీసుకునేవారు. గెలిచేవారు కూడా.

ఇంతకీ ఇప్పటి సంగతి. ఇప్పుడు మా మెట్టల్లో వేట లేదనుకుంటే పొరపాటు. తుపాకి పోయింది, తీగ వచ్చింది. అడవిపందులు వేరుశనగ తవ్వేస్తున్నాయి, మొక్కజొన్న కంకులు నేల కూలుస్తున్నాయి. రైతు కష్టం అబద్ధం కాదు. ఒక రాత్రిలో కారు పోతుంది. అర్జీ పెడితే పరిహారం ఎప్పటికి వస్తుందో ఎవరు చెప్పగలరు? అందుకని చేను చుట్టూ సన్నని తీగ కట్టి రాత్రిపూట దొంగతనంగా కరెంటు పెడతారు. తీగకి పందీ మనిషీ ఒకటే. మోటారు వెయ్యడానికి చీకట్లో గట్టు మీద నడిచే పక్క చేనువాడు దాని మీద పడి పోయిన వార్త ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోటి నుంచి పేపర్లో చూస్తూనే ఉన్నాం. మరికొందరు తిండిలో మందుగుండు చుట్టి పెడతారు. మేతకు పోయిన గేదె దాన్ని కొరికి దవడ పోగొట్టుకుంటుంది. కార్బెట్ మూడు తూటాలు పట్టుకెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఈ వేటగాడు ఇంట్లో పడుకుని నిద్రపోతాడు. పొద్దున్నే లేచి ఏం పడిందో చూస్తాడు. పడ్డది పక్కింటివాడైతే ఆ రెండిళ్ళూ ఆ తర్వాత ఒకే వీధిలో ఎలా బతుకుతాయి? ఒకే బావి, ఒకే బడి, ఒకే రామాలయం.

మన రచయితల్లో అడవినీ జంతువునీ మనిషినీ ఒక్కచోట పెట్టి, గొప్పలు పోకుండా రాసినవారు కేశవరెడ్డి గారు. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆస్పత్రిలో వైద్యం చేసిన డాక్టరు. అతడు అడవిని జయించాడు అన్న ఆయన నవలలో తప్పిపోయిన పంది కోసం ఈటె పట్టుకుని అడవిలోకి వెళ్ళిన ముసలివాడి కథ ఉంది. అతను వేటగాడు కాదు, పందులు కాచుకునేవాడు. వెతికేది చంపడానికి కాదు, ఇంటికి తెచ్చుకోవడానికి. ఆ నవలలో అడవి రాత్రి ఎంత నల్లగా ఉంటుందో ప్రబంధాల్లో ఎక్కడా చూడలేదు నేను. చిన్న నవల, ఒక మధ్యాహ్నంలో పూర్తవుతుంది. తప్పక చదవండి. ముసలివాడికి పేరు పెట్టకపోయినా పిన్నిగారు సైతం ఊరుకున్నారు, అతని చుట్టూ ఉన్న ఏ గొప్పవాడికీ అందులో పేరు లేదు కనక.

అలాంటి చెయ్యి ఒకటి ఈ తీగ కథని రాయాలి. అరుగు మీద ఎవరూ చెప్పుకోని వేట కథ ఇదొక్కటే. కొట్టినవాడూ చెప్పడు, చూసినవాడూ చెప్పడు, పోలీసు కాగితంలో నాలుగు పంక్తులుంటాయి. రాసేవాళ్ళెవరైనా ఉంటే నాదొక మనవి. చేను గట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టకండి. మోటారు కట్టి వస్తానని వెళ్ళిన మనిషి తొమ్మిదయినా రాలేదని గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలి దగ్గర్నుంచి మొదలుపెట్టండి. పళ్ళెంలో అన్నం పెట్టి మీద మూత వేసి ఉంటుంది. పక్కింటి వదినని పిలిచి, "మీ ఆయన వచ్చాడా?" అని అడుగుతుంది. ఆ వదిన భర్త ఇంట్లోనే ఉన్నాడు, పడుకున్నాడు.